రెండో చరణం ఎవరికి కావాలి?

పాట మొదలవుతుంది. వేణువు ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, వేలు కదులుతుంది. ఇంకో పాట. దాని పల్లవి ఒకసారి అయి రెండోసారి అందుకోబోతుండగా మళ్ళీ వేలు. సంతలో మామిడిపళ్ళు నొక్కి చూసి వదిలేసినట్టు, విజయవాడలో బయల్దేరిన కారు ఏలూరు చేరేలోపు నలభై పాటలు నలుగుతాయి, ఒక్కదానికీ బేరం తెగదు. వెనకసీట్లో ఉన్న పెద్దాయన "ఒరేయ్, అది ఉండనియ్యరా" అనేసరికి ఆ పాట అప్పటికే రెండు పాటల వెనక్కి పోయి ఉంటుంది. ఈ వేలి గొడవ కొన్నాళ్ళుగా నన్ను వదలడం లేదు. అంతకంటే ఎక్కువ వేధిస్తున్నది ఆ వేలి మీద పెద్దలు ఇస్తున్న తీర్పు. పెళ్ళి భోజనాల దగ్గర, ఉదయపు నడకల్లో, కుటుంబ వాట్సాప్ గుంపుల్లో అదే మాట: ఈ కాలం పిల్లలకు రెండో చరణం వినే ఓపిక లేదు, మేము పాటను పాటగా విన్నాం, ప్రాణం పెట్టి విన్నాం. మొదటి సగం నిజమే. రెండో సగం దగ్గరే నాకు పేచీ.

ముందు పిల్లల మీద ఉన్న కేసు చూద్దాం. బలమైన కేసే. ఒక పాటను ముప్ఫై సెకన్లు వింటే విన్నట్టే లెక్క అని స్పాటిఫై లాంటి యాప్‌లు ఎప్పుడో రూలు పెట్టుకున్నాయి. ముప్ఫై ఒకటో సెకనులో మీరు వెళ్ళిపోయినా పాట యజమానికి పైసలు పడతాయి, ఇరవై తొమ్మిదో సెకనులో వెళ్ళిపోతే పడవు. డబ్బు ఎక్కడ పడుతుందో చెమట కూడా అక్కడే పడుతుంది కదా, పాట కట్టేవాళ్ళు సారమంతా ముందుకు తెచ్చి పెడుతున్నారు. అమెరికాలో 1986 నుంచి 2015 దాకా వచ్చిన హిట్ పాటలను పరిశీలించిన ఒక పరిశోధకుడు, గొంతు మొదలవడానికి ముందు ఇరవై సెకన్లకు పైగా సాగే వాద్య సంగీతం అయిదు సెకన్లకు కుదించుకుపోయిందని లెక్క తేల్చాడు. ఇళయరాజా పాట మొదట్లో వయొలిన్లు కొండ ఎక్కి దిగేంత సేపు ఇప్పుడెవరూ ఇవ్వరు. రీలు వచ్చాక ఆ అయిదు సెకన్లకూ దిక్కు లేదు. హుక్ స్టెప్పు పడే పదిహేను సెకన్లే పాట, మిగతాదంతా దాని చుట్టూ ఉన్న ప్యాకింగ్. యాప్‌కి డబ్బు కట్టని బీదవాళ్ళకు ఇంకో శిక్ష ఉంది. నాలుగు పాటలకోసారి ప్రకటన వస్తుంది, అది మాత్రం దాటేద్దామంటే వేలికి లొంగదు. మన దేశంలో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా జనం వింటున్న సంగీతం ఇప్పుడు ఆ ప్రకటనల్లోనిదే. దానికైనా మంచి రాగం కట్టరు, అదొక ఏడుపు.

సరే, ముద్దాయిని బోనులో నిలబెట్టాం. కానీ పాటను మొదట కోసింది ఇతను కాదు. 1902లో ఇంగ్లండు కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ చేత పాడించి రికార్డు చేశాడు. మెహఫిల్‌లో రాత్రంతా ఒక రాగాన్ని పరిచి కూర్చోగల మనిషి, రికార్డింగు బూరలో మొహం పెట్టి, రెండు మూడు నిమిషాల్లో ఖయాలు ముగించి, చివర్లో తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పి ఆపేసింది. రికార్డులు జర్మనీలో అచ్చయ్యేవి, అక్కడివాళ్ళకు ఇది ఎవరి గొంతో తెలియాలని పేరు చెప్పించారంటారు. అంటే భారతీయ సంగీతాన్ని మూడు నిమిషాలకు తెగ్గొట్టిన తొలి వేలు ఒక కంపెనీది. అప్పట్లోనూ పెద్దలు గొణుక్కునే ఉంటారు, ఆలాపన లేని పాటేమిటని. ఆ తర్వాత సినిమా పాటలూ ఆ లక్క పళ్ళెం కొలతకే తయారయ్యాయి. పాత పాట మూడు, మూడున్నర నిమిషాల్లో పొందికగా ముగిసిపోవడం వెనక సంగీత దర్శకుడి సంయమనం ఎంత ఉందో, డెబ్భై ఎనిమిది చుట్ల రికార్డు వ్యాసం కూడా అంతే ఉంది. పట్టని పాటను రెండు పక్కలకు చీల్చేవారు. సగం అయ్యాక ఎవరో ఒకరు లేచి తిప్పాలి, లేచే ఓపిక లేకపోతే పాట అక్కడికి సమాప్తం.

తర్వాత క్యాసెట్టు. ఫిలిప్స్ వాళ్ళు 1963లో తెచ్చారు, మన ఊళ్ళకు బాగా పాకింది ఎనభైల్లో. పెన్సిలుతో టేపు చుట్టుకున్న ముచ్చట ఇప్పటికే చాలామంది చాలాసార్లు రాశారు, దాన్ని వదిలేద్దాం. అసలు గమనించాల్సింది ముందుకు తిప్పే మీట సంగతి. నచ్చని పాట దాటాలంటే మీట నొక్కి, కిచకిచ శబ్దాలు భరించి, ఆపి, వింటే తర్వాతి పాట అప్పటికే సగం అయిపోయి ఉంటుంది. వెనక్కి తిప్పితే మళ్ళీ నచ్చని పాట తోకే తగులుతుంది. ఇంత తతంగం కంటే ఆ పాటను భరించడమే తేలిక, భరించారు. అలా భరించగా భరించగా అయిదోసారికో ఆరోసారికో అది చెవికి అలవాటై నచ్చింది కూడా. ఆ బద్ధకానికి ముప్ఫై ఏళ్ళ తర్వాత రసికత అని పేరు పెట్టుకున్నాం. నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇంతే: ఏ తరమూ తన ఇష్టప్రకారం వినలేదు. చేతిలో ఉన్న యంత్రం ఎలా వినమంటే అలా విని, వయసు మళ్ళాక ఆ యంత్రం లక్షణాలను తన సద్గుణాలుగా చెప్పుకుంది. సులువుగా దాటేయగల మీట 1965లోనే ఉండి ఉంటే అప్పటి వేళ్ళు కూడా కదిలేవి.

ఇది ఊహ కాదు, సాక్ష్యాలున్నాయి. దాటే అవకాశం దొరికిన చోటల్లా ఆ తరం దాటేసింది. సినిమా హాల్లో పాట రాగానే లేచిందెవరు? నేల నుంచి బాల్కనీ దాకా సగం కుర్చీలు ఖాళీ అయ్యేవి. హీరో హీరోయిన్ తోటలో అడుగుపెట్టారంటే బయట సోడాల బండి వాడికి బేరం. రెండో చరణం సాగుతున్నంతసేపూ, ఇవాళ దాని కోసం కన్నీళ్ళు పెట్టుకుంటున్న పెద్దమనుషులు గోడవారన నిలబడి బీడీ కాలుస్తున్నారు. వెళ్ళనివాళ్ళకు టూరింగు టాకీసు ఆపరేటరే సాయం చేసేవాడు, ఆఖరాటకు పొద్దుపోతుందనుకుంటే పాట రీలు తప్పించేవాడు. ఆ తర్వాత టీవీ, డెక్కు అద్దెకు తెచ్చుకునే రోజులు వచ్చాయి. శనివారం రాత్రి అద్దె కట్టి మూడు సినిమాలు తెస్తే, తెల్లారేసరికి డెక్కువాడు వచ్చి తలుపు కొడతాడు. మూడూ చూసి డబ్బులు గిట్టించుకోవాలి. ఎక్కడ కలిసొస్తుంది? పాటల దగ్గర. తెర మీద తెల్లగీతల మధ్య హీరో చకచకా చేతులు తిప్పుతూ, హీరోయిన్ చీర రంగులు క్షణానికొకటి మారుతూ, యుగళగీతం పావు నిమిషంలో ముగిసేది. వీధి వీధంతా చాపలేసుకుని కూర్చుని చూసింది, ఒక్కరూ "అయ్యో, సాహిత్యం!" అనలేదు.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్ళక తప్పదు, ఎందుకంటే రేడియో ఉత్తరాల సంగతి చెప్పకుండా పాటలు ప్రాణం పెట్టి విన్న తరం గురించి మాట్లాడటం అన్యాయం. మీరు కోరిన పాటలు అనే కార్యక్రమంలో శ్రోత కోరింది నిజంగా పాటనేనా అన్నది చరిత్రకారులు తేల్చాల్సిన విషయం. పదిహేను పైసల కార్డు మీద పాట పేరు ఒక లైను, కోరినవాళ్ళ పేర్లు మిగిలిన కార్డంతా. ఇంటిపెద్దతో మొదలై పెదబాబు, చినబాబు, బుజ్జి, పండు, అమ్మమ్మగారు, పక్కవాటా అద్దెవాళ్ళు, మరియు మిత్రబృందం. ఇంకా బారసాల కాని పసిగుడ్డు "పాప" అనే పేరుతో పాటను కోరుకునేది. పేరు రాయడం మరిచిపోయిన అల్లుడు రెండు పండగలకు రాడు. కాబట్టి కార్డు రాయడం అంటే శుభలేఖ రాయడంతో సమానమైన బాధ్యత, అక్షరాలు చిన్నవి చేసి, అంచుల వెంబడి తిప్పి, ముద్ర పడే చోటు కూడా వదలకుండా రాసేవారు. సిలోన్ స్టేషన్‌లో మీనాక్షి పొన్నుదొరై గారు ఆ పేర్లు ఓపిగ్గా చదువుతుంటే, గరగరల మధ్య తన ఊరి పేరు వినబడుతుందేమోనని జనం రేడియోకి చెవి ఆనించి కూర్చునేవారు. ఊరి పేరు తప్పు పలికితే ఊరు ఊరంతా చిన్నబుచ్చుకునేది.

హిందీ వాళ్ళకు ఈ పిచ్చిలో రాజధాని ఝుమ్రీ తలైయా. అప్పటి బీహారులో, ఇప్పటి ఝార్ఖండులో కోడర్మా దగ్గర అభ్రకం గనుల ఊరు. అక్కడి నుంచి సిలోన్‌కూ వివిధ్ భారతికీ వెళ్ళిన కార్డుల ధాటికి, అసలు అలాంటి ఊరు లేదని, రేడియో వాళ్ళు కల్పించారని దేశంలో చాలామంది నమ్మారు. ఎక్కువ కార్డులు ఎవరివి అన్న పోటీలో, ఎదుటివాడి కార్డులు డబ్బాలోనే ఉండిపోయేలా పోస్టాఫీసులో మంచి చేసుకునేవారని కూడా చెప్పుకుంటారు. మరి ఏ పాట కోరేవారు? ఇక్కడే ఉంది కిటుకు. ఎవరూ అడగని అపురూపమైన పాట అడిగితే ఆ రికార్డు స్టేషన్‌లో ఉండకపోవచ్చు, అప్పుడు పేరు గల్లంతు. అందుకని అందరూ అడిగేదే తామూ అడిగేవారు, కచ్చితంగా వేసేదే కోరేవారు. అందరూ కోరుతున్నారు కాబట్టి వాళ్ళు వేసేవారు, వాళ్ళు వేస్తున్నారు కాబట్టి అందరూ కోరేవారు. ఇవాళ యాప్‌లో ఈ పనే యంత్రం చేస్తే అల్గారిథమ్ మన అభిరుచిని చెడగొడుతోందని సంపాదకీయాలు రాస్తున్నాం. అప్పుడు కార్డు ముక్కలతో చేతిపనిగా చేశాం, తేడా అంతే. ఇంతా చేసి ఆ మధ్యాహ్నం పేర్లు రానే వచ్చాయనుకోండి. అసలు పాట మొదలయ్యేసరికి ఆ ఇంట్లో రేడియో ముందు ఒక్కరు మిగిలేవారు కాదు. "విన్నారా, మా పేర్లు చదివారు" అని నలుగురూ నాలుగు వాకిళ్ళకు పరిగెత్తి ఉండేవారు. కోరిన పాట ఖాళీ గదికి వినిపించేది, రెండు చరణాలతో సహా.

ఇప్పుడు ఎదుటిపక్షం వాదన వినాలి. మేమెంత అశ్రద్ధగా విన్నా, పాట ఎవరు రాశారో, ఎవరు కట్టారో మాకు తెలుసు, వీళ్ళకు హీరో పేరు తప్ప తెలియదు అంటారు. నిజమే, అరవై దాటిన వాళ్ళను నిద్రలో లేపి అడిగినా కృష్ణశాస్త్రి పాట ఏదో, ఆత్రేయ పాట ఏదో చెప్పేస్తారు. కానీ అది వాళ్ళు చేసిన తపస్సు ఫలితం కాదు, ఎనౌన్సరు ఫలితం. పాట వేసే ప్రతిసారీ చిత్రం, గానం, రచన, సంగీతం అని రేడియో నాలుగు మాటలు చెప్పింది, రోజూ చెప్పింది, ఏళ్ళ తరబడి చెప్పింది. ఎక్కాలు వచ్చినట్టే ఇవీ వచ్చాయి. హాలు బయట కారుచౌకగా అమ్మిన పల్చటి పాటల పుస్తకం మిగతా పని చేసింది, కథ సగం చెప్పి మిగతాది వెండితెరపై చూడమన్నా, పాటలు మాత్రం పూర్తిగా అచ్చువేసింది. అంతకుముందు యంత్రం పేరు చెప్పనప్పుడు ఎవరికీ తెలియలేదు కూడా. 1949 నాటి హిందీ 'మహల్' రికార్డు మీద మొదట లతా మంగేష్కర్ పేరే లేదు, సినిమాలో పాత్ర పేరు 'కామిని' అని వేశారు. పాడిందెవరని జనం రేడియోవాళ్ళను అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ఇప్పటి యాప్‌లో రచయిత పేరు చూడాలంటే పాట మీద నొక్కి, మూడు చుక్కలు వెతికి, కిందికి జరిపి, ఇంకోచోట నొక్కాలి. అంత లోపల దాచిన పేరు పిల్లలకు తెలియలేదని పిల్లలనే తిట్టడం ఏం న్యాయం? ఈ ఒక్క విషయంలో నా కోపం పూర్తిగా కంపెనీల మీదే. కవి పేరు తెర మీద పెట్టడానికి ఎంత చోటు కావాలి?

ఇంకో వాదన, అప్పటి పాటల్లో సాహిత్యం ఉంది, ఇప్పటివాటిలో లేదని. ఈ మాట అనే ముందు బి.వి. కేస్కర్ గారిని ఒకసారి తలుచుకోవాలి. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన ఈయనకు సినిమా పాటలంటే పడదు, శాస్త్రీయ సంగీతాన్ని పాడుచేసే చవకబారు సరుకు అని ఆయన అభిప్రాయం. ఆకాశవాణి తలుపులు వాటికి దాదాపు మూతపడ్డాయి. జనం పొలోమని సిలోన్ వైపు తిరిగారు. చివరికి 1957 అక్టోబరులో వివిధ్ భారతి పెట్టి సర్కారే దిగి రావాల్సి వచ్చింది. అంటే ఇవాళ మనం కళ్ళు మూసుకుని తల ఊపుతూ స్వర్ణయుగం అంటున్న పాటలే, అప్పటి పెద్దల దృష్టిలో దేశానికి పట్టిన చీడ. పైగా ఆ యుగంలో వచ్చిన పాటలన్నీ మనకు మిగల్లేదు. నాసిరకం పాటలు కుప్పలుగా వచ్చి కుప్పలుగానే పోయాయి, జల్లెడలో నిలిచిన నాలుగువందల్ని చూపించి ఈ వారం విడుదలైన నాలుగింటితో పోటీ పెడుతున్నాం. కావాలంటే ఫోనులో 'సామజవరగమన' అని కొట్టి చూడండి. తాతగారికి అది హిందోళంలో త్యాగరాజ కృతి. నాన్నకు 1980 నాటి 'శంకరాభరణం', బాలు, జానకి, వేటూరి. మనవడికి సిద్ శ్రీరామ్ పాడిన 'అల వైకుంఠపురములో' పాట. ఇంకాస్త చిన్నవాడికైతే అది 2023లో వచ్చిన కామెడీ సినిమా. తాతగారు వెతికినా మొదట వచ్చేది సిద్ శ్రీరామే కావచ్చు, దానికి ఆయన బీపీ పెరగొచ్చు. కానీ ఆ మూడో పాట రాసింది సిరివెన్నెల. సాహిత్యం లేదన్న వాదన అక్కడ కాస్త తడబడుతుంది.

అన్నిటికంటే గట్టి వాదన చివరికి దాచుకున్నాను. మేము కలిసి విన్నాం, వీళ్ళు చెవుల్లో బిరడాలు పెట్టుకుని ఒంటరిగా వింటున్నారు అంటారు. ఒంటరి వినికిడి ఈ పిల్లలు కనిపెట్టింది కాదు. 1979లో సోనీ వాళ్ళు మొదటి వాక్‌మన్ తెచ్చినప్పుడు, ఒక్కడే చెవికి తగిలించుకుని వింటే పక్కవాళ్ళకు మర్యాదగా ఉండదని అధినేత అకియో మొరితా మథనపడ్డాడు. అందుకే దానికి ఇద్దరు వినేలా రెండు రంధ్రాలు పెట్టించాడు, మధ్యలో మాట్లాడుకోవాలంటే పాట తగ్గించే నారింజరంగు మీట కూడా పెట్టించాడు. కొన్నవాళ్ళెవరూ పక్కవాడికి రెండో రంధ్రం ఇవ్వలేదు, తర్వాతి మోడళ్ళలో అది పోయింది. అలా ఇవ్వనివాళ్ళు ఇవాళ తాతలయ్యారు. ఇక కలిసి విన్నామన్న మాట. నట్టింట్లో ఒక రేడియో, దాని ముల్లు నాన్నగారి అధీనం. ఆయన వార్తలంటే వార్తలు, కచేరీ అంటే కచేరీ. అమ్మకు ఏ పాట ఇష్టమో ఆ ముల్లు ఎన్నడూ అడగలేదు. వీధిలో అయితే నవరాత్రి పందిట్లో మైకుసెట్టు వాడి అభిరుచే ఊరి అభిరుచి, తెల్లవారుజామున సుప్రభాతం, మధ్యాహ్నం 'దాన వీర శూర కర్ణ' డైలాగులు, రాత్రి ఏదైతే అది. పరీక్షలున్న పిల్లలు, జ్వరం వచ్చినవాళ్ళు, అందరూ కలిసి విన్నారు, చెవులకు తలుపుల్లేవు గనక. చివరికి కేంద్రం 2000లో శబ్ద కాలుష్య నిబంధనలు తెచ్చి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దనాల్సి వచ్చింది. అలా కలిసి వినడం మీద దేశానికి అంత మమకారం ఉండేది.

ఆ మమకారం ఇంకా చావలేదని రైలెక్కితే తెలుస్తుంది. స్లీపరు బోగీలో కుర్రాళ్ళంతా బడ్స్ పెట్టుకుని నిశ్శబ్దంగా ఉంటారు. పెద్దాయన ఒకరు ఫోను గుండెల మీద పెట్టుకుని, స్పీకరు పూర్తిగా పెంచి, ఘంటసాలను బోగీ మొత్తానికి పంచుతుంటారు. ఎదుటి బెర్తులో ఇంకొకరు రాజకీయ ప్రసంగం పెడతారు. ఘంటసాల మీద నాకున్న గౌరవానికి ఇంత కఠిన పరీక్ష ఇంకెక్కడా ఎదురు కాదు. పోనీ, కుర్రాళ్ళకు కలిసి పాడుకోవడం చేతకాదా? 2010లో ఆడకుండా పోయిన 'ఆరెంజ్' 2023 మార్చిలో మళ్ళీ విడుదలైతే హాళ్ళలో ఏమైందో చూసినవాళ్ళకు తెలుసు. పాట రాగానే ఎవరూ సోడా కోసం బయటికి పోలేదు. లేచి నిలబడి, ఫోను దీపాలు వెలిగించి, గాయకుడి గొంతు వినబడనంతగా హాలంతా పాడింది. మరుసటేడు 'ఓయ్!' తిరిగొచ్చినప్పుడూ అంతే. కారులో ఇరవై సెకన్లకు ఒక పాటను తోసేసే ఆ వేళ్ళవాళ్ళే వీళ్ళు. ఒక పాట చరణాలతో సహా నోటికి రావాలంటే ఎక్కడో, ఎప్పుడో, ఎవరూ చూడనప్పుడు వందసార్లు పూర్తిగా విని ఉండాలి కదా. వాళ్ళు రెండో చరణం వింటారు. మనకు కనబడేలా వినరు, అంతే.

అంటే పోయిందేమీ లేదా అంటే, ఉంది. అది రెండో చరణం కాదు. ఒక ఇంట్లో మనిషికి ఏ పాట ఇష్టమో మిగతా ఇంటికి తెలిసి ఉండేది. నాన్న ఏ పాటకు పేపరు పక్కన పెట్టేవాడో, అమ్మ ఏ చరణం దగ్గర పొయ్యి సన్నం చేసేదో ఎవరూ అడగకుండానే తెలిసేది, వద్దన్నా చెవిన పడేది గనక. మనిషి పోయాక బీరువాలో క్యాసెట్లు మిగిలేవి, అట్టల మీద ఆ చేతిరాత, ఎక్కువసార్లు తిరిగి అరిగిన క్యాసెట్టు ఏదో చూస్తేనే తెలిసేది. ఇప్పుడు నలుగురున్న ఇంట్లో నాలుగు జతల చెవులు, నాలుగు లోకాలు. కూతురు రాత్రి ఏ పాట విని ఏడ్చి పడుకుందో గోడకు ఇటుపక్క పడుకున్న తల్లికి తెలియదు. ఆమె చెప్పదు, ఈమె అడగదు. మనిషి పోతే ఫోను ఉంటుంది, దానికి తాళం ఉంటుంది, అంకె ఎవరికీ తెలియదు. ఆయన ఇష్టంగా విన్న పాటలు అందులోనే ఉండిపోతాయి. చావు ఇంట్లో ఏ పాట పెట్టాలో తెలియక, ఏదో భజన పెడతారు.

ఈ లోటు పెద్దలకూ తెలుసు, తమకు చేతనైన వైద్యం చేస్తున్నారు. పొద్దున్నే డాలస్‌లో ఉన్న కొడుక్కి నాన్న ఒక పాట లంకె పంపుతాడు, కింద 'తప్పకుండా చివరిదాకా వినగలవు' అని రాస్తాడు. నాలుగు నిమిషాల పాట. ఎనిమిది సెకన్లలో "సూపర్ నాన్నా" అని జవాబు వస్తుంది, పక్కన రెండు చేతులెత్తి మొక్కే బొమ్మ. పల్లవి కూడా కాలేదని నాన్నకు లెక్క తెలుసు, ఆ సాయంత్రం ఉదయపు నడక మిత్రులకు ఫోన్లు చేసి ఈ తరం గురించి మరోసారి విచారిస్తాడు. అయితే పంపేముందు ఆయన ఆ పాట పూర్తిగా విన్నాడా అంటే అదీ చెప్పలేం. బావమరిది ఇంకో గుంపులో పెట్టాడు. మొదటి లైను వినగానే గుర్తుపట్టి, "ఆహా, ఇదా!" అనుకుని, ఫార్వర్డు కొట్టి ఉంటాడు.